మంచం, కంటె, తలపాగా

వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పంతులు ముందే నక్కి ఉన్నాడు. ఇప్పుడు గిరీశం కూడా అక్కడికే దూరాడు. చీపురుకట్ట పట్టుకుని పూటకూళ్లమ్మ వంగి చూస్తోంది. లోపల చిన్న తోపులాట. దెబ్బ పడింది, గిరీశానికి కాదు, పంతులికి. హాలు గొల్లుమంది.

మీరూ నవ్వండి. కానీ ఆ మంచం మీద ఓ కన్నేసి ఉంచండి. గురజాడ నాటకం 'కన్యాశుల్కం'లో పెద్దమనుషులంతా ఏదో ఒకదాని చాటున ఉన్నవాళ్లే. గిరీశానికి ఇంగ్లీషు చాటు, బైరాగికి కాషాయం చాటు, అగ్నిహోత్రావధాన్లకి శాస్త్రం చాటు.

దీపాలు మారాయి. కరటకశాస్త్రి తన శిష్యుడికి చీర కట్టించి తీసుకొచ్చాడు. కుర్రాడు కుచ్చిళ్లు తొక్కుకోబోయి, తమాయించుకుని, తల దించాడు. శాస్త్రి రాజావారి నాటక కంపెనీలో విదూషకుడు, వేషం కట్టించడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్ల పాలు కాకుండా తప్పించడానికే ఈ ఎత్తు. ముందు వరుసలో ఉన్నారు కదా, లుబ్ధావధాన్లని చూడండి. అతని చూపు పిల్ల మీద లేదు, ధర మీద ఉంది. అమ్ముడుపోతున్నది ఆడపిల్లే కాదు, అయినా బేరం మాత్రం అచ్చం ఆడపిల్లకి సాగినట్టే సాగిపోయింది. ఆడపిల్లల్ని అమ్మే ఈ దురాచారం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఇంత తగలదు.

పెళ్లికూతురి మెడలోకి రామప్పంతులు మధురవాణి కంటె ఎరువు తెచ్చాడు. పెళ్లికూతురు మాయం, కంటె కూడా మాయం. ఇక అక్కణ్ణించి మధురవాణి నోట ఒకటే మాట: నా కంటె ఏది? తలుపు ఇవతల పంతులు బతిమాలుతున్నాడు, గడియ మాత్రం కదలదు. ఊరందరి వ్యవహారాలూ చక్కబెడతానని తిరిగేవాడి పరపతి ఒక్క నగ దగ్గర తేలిపోయింది. నన్నడిగితే నాటకం మొత్తంలో ఇంత పని చేసిన వస్తువు మరోటి లేదు.

చివరి అంకం విశాఖపట్నంలో. మనం చూస్తున్నది 1909 నాటి రెండో కూర్పు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ఆడినదాన్ని గురజాడ బాగా పెంచి తిరగరాశారు. వేశ్యల ఆటపాటలు కూడదనే యాంటీ నాచ్ వకీలు సౌజన్యారావు పంతులు గదిలోకి తలపాగాతో ఓ యువకుడొచ్చాడు. నడకలోనే మీరు పట్టేశారు, మధురవాణి! ఈ రాత్రి ఆ పాత్ర నటిది. ఒకప్పుడు స్థానం నరసింహారావు ఇదే పాత్ర వేశారు. అంటే ఆడవేషంలో ఉన్న మగవాడు, ఆ పైన మళ్లీ మగవేషం. అప్పటి ప్రేక్షకులు ఎన్ని పొరల్లోంచి చూసి ఉంటారో!

తలపాగా తీసింది. జడ భుజం మీద జారింది. సౌజన్యారావు ఒక్కడుగు వెనక్కి వేశాడు. మాయమైన పెళ్లికూతుర్ని చంపాడంటూ పెట్టిన ఖూనీ కేసులోంచి లుబ్ధావధాన్లని బయటపడేయడానికి ఆమె అడిగిన ఫీజు ఒక ముద్దు. ఆయన కొట్టుమిట్టాడి సరేనన్నాక, తనే వద్దంది. మారువేషంలో వచ్చిన మనిషే ఈ గదిలో నిజం చెప్పింది.

గిరీశం వచ్చాడు, సంస్కర్త మొహంతో. మధురవాణిని చూశాడు. అతనికి విప్పడానికి తలపాగా ఏదీ లేదు, మొహమే వేషం. పెళ్లాడాలనుకున్న వితంతువు బుచ్చమ్మ దక్కదని తేలిపోయింది. ఇంగ్లీషు తిట్టుతో మొదలయ్యే ఆ ఆఖరి మాట కోసం నోరు తెరిచేలోగా, గ్యాలరీ అంతా ఒక్క గొంతుతో దాన్ని అనేసింది.