మైసూరు జావా మోటారు సైకిలు – ఇగ్నిషన్ భాగముల అన్వేషణ

రాష్ట్రేతర తెలుగువారి చరిత్రమును వ్రాయబూనినవారు శాసనములను, వలసలను, దేవాలయ నిర్మాణములను, పాఠశాలల స్థాపనను ముందుగా పేర్కొందురు. అవి పేర్కొనదగినవే. కాని కర్ణాటకమున తరతరములుగా స్థిరపడిన మావంటి కుటుంబములలో ఇంటి మనుష్యునివలె మెలగిన వస్తువు మరియొకటి కలదు. అది మైసూరులో తయారైన జావా మోటారు సైకిలు. బెంగుళూరులో మా తండ్రిగారు కచేరికి పోయినది దానిమీదనే; బంధువుల పెండ్లిండ్లకు సరిహద్దు దాటి హిందూపురము పోయినదియు దానిమీదనే. ఆ బండిని చేసిన కార్ఖానా 1996లో మూతపడినది. బండి మాత్రము నేటికిని మా వాకిట నిలిచియున్నది. కిక్కు కొట్టిన బయలుదేరుచున్నది. కార్ఖానా లేని బండి ఇన్నియేండ్లు ఎట్లు బ్రతికినది? ఏది దొరకకున్న అది శాశ్వతముగా ఆగిపోవును? ఈ ప్రశ్నలకు సమాధానము దాని కుడిప్రక్క మూతక్రింద నుండు చిన్న భాగములలో కొంతయు, వానిని గుర్తెరిగిన మనుష్యులలో కొంతయు కలదు.

జావా పుట్టినిల్లు చెకోస్లొవేకియా. 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అను ఆయుధ నిర్మాత జర్మనీలోని వాండరర్ సంస్థ మోటారు సైకిలు నిర్మాణపు హక్కులను కొని, తన పేరులోని తొలి అక్షరములను ఆ సంస్థ పేరులోని తొలి అక్షరములతో జతపరచి ‘జావా’ యని నామకరణము చేసెను. మన దేశమున స్వాతంత్ర్యానంతరము విదేశీ వాహనముల దిగుమతి క్రమక్రమముగా కుదింపబడి, ఇచ్చటనే తయారు చేయవలెనను విధానము బలపడెను. ఆ దశలో ఫరోఖ్ ఇరానీగారు మైసూరులో ఐడియల్ జావా కంపెనీని నెలకొల్పిరి. జయచామరాజ ఒడెయరుగారి ప్రోత్సాహము దానికి లభించెను. 1961 నుండి బండ్లు వెలువడసాగినవి. మొదట చెక్ దేశమునుండి వచ్చిన భాగములను ఇచ్చట కూర్చిరి. పిమ్మట స్వదేశీ భాగముల పాలు హెచ్చెను. 1970వ దశకమున జావా పేరు తొలగి యెజ్దీ పేరు వచ్చెను.

ఇందు గమనింపవలసిన విషయ మొకటి కలదు. పేరు మారినపుడే భాగములు మారలేదు. పేరు మారకున్నను కొన్ని భాగములు మారినవి. తొలి జావాలలో 6 వోల్టుల డైనమో యుండెను. తరువాతి యెజ్దీ మాదిరులలో దాని స్థానమున ఆల్టర్నేటరు వచ్చెను. కనుక అంగడికి పోయి ‘జావాకు పాయింట్లు ఇండు’ అని అడిగిన చాలదు. ఏ మాదిరి, ఏ యేడు, ఏ పలకపై అమర్చినది యను సంగతులు చెప్పవలెను. అవి చెప్పుటకు బండి చరిత్రము తెలియవలెను. భాగమును వెదకుట యనగా మొదట చరిత్రమును వెదకుటయే.

ఇగ్నిషన్ భాగములు చేయు పని యెట్టిదో సంగ్రహముగా తెలిసికొందము. జావా 250 రెండు స్ట్రోకుల ఇంజను గలది. క్రాంకుషాఫ్టు ఒక్కసారి తిరిగిన ఒక్క నిప్పురవ్వ కావలెను. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజనులో సెకనునకు 50 రవ్వలు, గంటకు 1,80,000 రవ్వలు పుట్టవలెను. బాటరీ నుండి వచ్చు కరెంటు కాయిలులోని మొదటి తీగచుట్ట గుండ పోయి పాయింట్లను చేరును. బజారులో వీనిని సి.బి. పాయింట్లందురు. అవి తాకియున్నంతసేపు కాయిలులో అయస్కాంత క్షేత్రము నిలిచియుండును. షాఫ్టు కొనయందలి కామ్ వానిని విడదీసిన క్షణమున ఆ క్షేత్రము కూలి, సన్నని తీగతో చుట్టిన రెండవ చుట్టలో వేలకొలది వోల్టులు పుట్టును. ఆ శక్తి ప్లగ్గు కొనల నడుమ దుమికి రవ్వ యగును. పాయింట్లు విడిపోవు చోటనే రవ్వ రేగి అవి కాలిపోకుండ కాపాడునది కండెన్సరు. చిటికెనవ్రేలి కొనయంత డబ్బీ. సామర్థ్యము సుమారు 0.2 మైక్రోఫారడు. పాయింట్ల ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు. ఇంత చిన్నవియే బండి ప్రాణమునకు ఆధారములు.

ఈ పద్ధతికి పూర్వము మోటారు సైకిళ్లలో ఎక్కువగా నుండినది మాగ్నెటో. బాటరీ అక్కరలేక తన అయస్కాంతముతో తానే కరెంటును పుట్టించుకొను యంత్రమది. జర్మనీలోని బాష్ కార్ఖానాలో గాట్లాబ్ హోనల్డ్ 1902లో అధిక వోల్టుల మాగ్నెటోను రూపొందించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యముతో వచ్చిన బి.ఎస్.ఎ. ఎమ్ 20, నార్టన్ 16 హెచ్ వంటి బ్రిటిషు బండ్లలో లూకాస్ వారి మాగ్‌డైనో యుండెను. మాగ్నెటోయు డైనమోయు ఒకే కట్టుగా నమర్చినది. ఇట్టి వానిలో కండెన్సరు తిరుగు ఆర్మేచరు లోపలనే యుండుటచే అది చెడిన మొత్తము విప్పవలసి వచ్చును. తీగచుట్టలకు పూసిన లక్క వేడికి మెత్తబడి జిగటగా కారుటయు కలదు. చల్లని ఇంజను మొదటి కిక్కుకే బయలుదేరి, వేడెక్కిన పిమ్మట మొరాయించుట ఈ రోగమునకు ముఖ్య లక్షణము. మాగ్నెటోకు భాగము కొనువారు అది కుడివైపు తిరుగునదియో ఎడమవైపు తిరుగునదియో ముందుగా చూడవలెను. ఒకదాని పాయింట్ల కూర్పు మరియొకదానికి పనికిరాదు. లూకాస్ వారు తమ పరికరములపై తయారైన నెలను, సంవత్సరమును ముద్రించుచుండిరి. పాత బండి మూలములు పరిశోధించువానికి ఆ ముద్రయే శాసనము.

దక్షిణదేశమున ఈ భాగముల పరిశ్రమ మన కనులయెదుటనే పెరిగినది. బెంగుళూరులో 1951లో మైకో సంస్థ ఏర్పడి ప్లగ్గులు చేయ నారంభించెను. మద్రాసు చేరువ పాడిలో 1961లో లూకాస్–టి.వి.ఎస్. సంస్థ స్థాపింపబడెను. తిరువొత్తియూరులో 1956 నుండి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు తయారగుచు వచ్చినవి. ఇంగ్లండులోని మాతృసంస్థ అంతరించినను తిరువొత్తియూరు కార్ఖానా నిలిచినది. కావున బుల్లెటు పాయింట్లకు, కండెన్సర్లకు నిర్మాతలు కొరవడలేదు. జావా సంగతి అట్లు కాదు. 1996 తరువాత దాని భాగములకు అడుగుటకు ఒక తలుపు లేకపోయెను. బెంగుళూరు జె.సి. రోడ్డు, చెన్నపట్టణము పుదుప్పేట వంటి బజారులే దిక్కైనవి.

ఆ బజారులను నమ్మి పోయి నేను నేర్చుకొన్న పాఠ మొకటి చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట బండి తడబడుచున్నదని ఒక అంగడిలో క్రొత్త కండెన్సరు కొని, పాతదానిని పారవేసితిని. క్రొత్తదాని పొట్లము మీది అచ్చు పాతకాలపు అచ్చును పోలియుండెను. పది దినములు బండి చక్కగా నడిచెను. పిమ్మట ఒక ఆదివారము దొడ్డబళ్లాపురము మీదుగా హిందూపురమునకు బయలుదేరి గౌరిబిదనూరు చేరునప్పటికి ఇంజను ఆగిపోయెను. అరగంట చల్లారిన పిమ్మట బయలుదేరెను. నాలుగు మైళ్లు పోయి మరల ఆగెను. నేను ప్లగ్గు మార్చితిని, పెట్రోలు గొట్టము విప్పి చూచితిని, ఫలము లేదు. బండిని నెట్టుకొని ఒక షెడ్డుకు చేర్చితిని. అచ్చటి మేస్త్రీ తెలుగువారే. డెబ్బది యేండ్లు పైబడినవారు. వారు కుడిప్రక్క మూత విప్పి, కిక్కు కొట్టించి, పాయింట్ల వద్ద తెల్లగా రేగుచున్న పెద్ద రవ్వను నాకు చూపిరి.

“పాతది ఏది సార్?” అని అడిగిరి.

పారవేసితినని చెప్పితిని.

“పారేయకూడదు సార్. పాతది చేతిలో లేకుంటే కొత్తదాన్ని దేనితో పోల్చి చూస్తారు?” అనిరి.

వారు ఒక బిస్కత్తుల డబ్బా తెచ్చిరి. అందు నలుబది యేండ్లుగా విప్పిన బండ్ల నుండి దాచిన పాయింట్లు, కండెన్సర్లు, కామ్‌లు కలవు. ఏ కండెన్సరు ఏ మాదిరిదో వాని మీద వ్రాసి లేదు. వారి మనస్సులో మాత్రమే యున్నది. మూడింటిని పరీక్షించి ఒకటి తీసి బిగించిరి. ఆ కండెన్సరుతోనే బండి నేటికిని నడుచుచున్నది. ఆ మేస్త్రీగారు మరి రెండేండ్లకు గతించిరి. నేను తెలిసి పోవునప్పటికి షెడ్డు ఖాళీ చేయబడియుండెను. డబ్బా యేమైనదని విచారింపగా పాత ఇనుము కొనువానికి తూకమునకు ఇచ్చిరని తెలిసెను. పోయినది ఇనుము కాదు. ఆ ఇనుమునకు పేరు చెప్పగల ఒక్క మనస్సు మొదట పోయినది, దాని వెంబడి ఇనుమును పోయినది.

నేడు పాత బండికి ఇగ్నిషన్ భాగములు మూడు విధములుగా లభించుచున్నవి. మొదటిది కార్ఖానా కాలపు నిల్వ. పాయింట్ల విషయమున ఇది శ్రేష్ఠము. కొనలయందు పట్టిన మకిలిని తుడిచి బిగింపవచ్చును. కండెన్సరు విషయమున మాత్రము పొట్లము విప్పనంతమాత్రమున అది మంచిదని నమ్మరాదు; లోపలి కాగితపు పొర ఏండ్లతరబడి తేమను పీల్చి చెడియుండవచ్చును. పరీక్షించియే బిగింపవలెను. రెండవది ఇప్పుడు క్రొత్తగా చేయు నకళ్లు. వీనిలో మంచివియు కలవు, చెడ్డవియు కలవు. పాయింటు చేతికి గల మడమ మెత్తని పదార్థముతో చేసిన కొలదికాలములో అరిగిపోవును. మడమ అరిగిన ఎడము తగ్గును. ఎడము తగ్గిన రవ్వ ఆలస్యముగా పుట్టి ఇంజను బలము క్షీణించును. కావున క్రొత్త పాయింట్లు బిగించినవారు కొన్ని వందల కిలోమీటర్ల పిమ్మట ఎడమును మరల కొలువవలెను. చెక్ దేశమున పాత జావాలకు భాగములు చేయువారు నేటికిని కలరు. అయితే అచ్చటి మాదిరికిని మైసూరు మాదిరికిని తేడాలుండుటచే పాతదానితో పోల్చి చూడక కొనరాదు. మూడవది మరమ్మతు. మాగ్నెటో ఆర్మేచరును మరల చుట్టి, పాత కండెన్సరు స్థానమున నేటి కండెన్సరును అమర్చు పనివారు కలరు. కాయిలు కొనునపుడు వోల్టులు చూడవలెను: 6 వోల్టుల బండికి 12 వోల్టుల కాయిలు బిగించిన రవ్వ బలహీనమగును, 12 వోల్టుల బండికి 6 వోల్టుల కాయిలు బిగించిన కాయిలు వేడెక్కి, పాయింట్లు కాలును.

పాయింట్లను తీసివేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చుట మంచిదా యని పలువురు అడుగుదురు. ప్రతిదినము బండి నడుపువానికి అది తప్పు కాదు. అరుగు భాగము లేదు, ఎడము కొలువ నక్కరలేదు. కాని పాత బ్రిటిషు బండ్లు కొన్నిటిలో బాటరీ ధనధ్రువము చట్రమునకు కలుపబడియుండును. అది చూడక అమర్చిన క్రొత్త పరికరము క్షణములో కాలిపోవును. మరియు తీసిన పాత పలకను, పాయింట్లను, కామ్‌ను ఒక డబ్బాలో భద్రపరచి, దానిపై బండి మాదిరిని వ్రాసియుంచవలెను. 2018లో జావా పేరు, 2022లో యెజ్దీ పేరు మన దేశమున మరల వెలసినవి. అవి నాలుగు స్ట్రోకుల క్రొత్త ఇంజనులు. వాని భాగములు పాత బండికి సరిపడవు. పేరు తిరిగివచ్చినంతమాత్రమున భాగము తిరిగిరాదు.

నేను తెలుగు చెప్పి జీవించువాడను. చుట్టును వేరు భాష వినబడు ఊరిలో పిల్లవానికి ఒక మాటను నిలుపుట యెంత శ్రమయో నాకు తెలియును. గౌరిబిదనూరు మేస్త్రీగారు వచ్చినవారితో కన్నడమును, ఉర్దూను మాటలాడుచు, శిష్యునికి పని మాత్రము తెలుగున చెప్పుచుండిరి. ఆ చెప్పినది ఎవరును వ్రాసికొనలేదు. ఆయన మాటయు, ఆయన డబ్బాయు ఒకే యేట పోయినవి.

కావున ఈ సంచికను చదువు సోదరులకు నా విన్నప మొకటే. మీ ఇండ్లలో మూలనున్న పాత బండి యుండిన, దాని చేతిపుస్తకమును, కొనుగోలు రసీదును, విప్పిన పాత భాగములను పారవేయకుడు. ప్రతి భాగమునకు ఒక చీటీ కట్టి, ఏ బండిది, ఎప్పుడు తీసినది, ఎందుకు తీసినది యని తెలుగున వ్రాయుడు. మీ వీధిలో పాత బండ్లు విప్పు వృద్ధ మేస్త్రీ యుండిన, ఒక మధ్యాహ్నము వారి ప్రక్కన కూర్చుండి వారు చెప్పినది వ్రాసికొనుడు. మన సంఘములు శాసనముల నకళ్లను సేకరించినట్లే ఈ చీటీలను సేకరింపవచ్చును. నా బండి నుండి తీసిన పాయింట్లు రెండు జతలు ఇప్పుడు నా బల్లపై నొక డబ్బాలో నున్నవి. చీటీలు కట్టితిని.