సంతకానికి ముందు నాలుగు మాటలు



మొన్న మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అలా నడుం వాల్చానో లేదో, పక్కింటి వదినగారు ఓ కాగితం పట్టుకుని వచ్చారు. "మా అమ్మాయికి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది వదినా! మైనరు కదా, పెద్దవాళ్ళు సంతకం పెట్టాలట. మీ అన్నయ్యగారు క్యాంపులో ఉన్నారు. నేను పెట్టేయొచ్చా? ఏముందిలెండి, మంచి సంబంధం కుదిరితే మాన్పించేస్తాం" అన్నారు.

చూస్తే అది ఉద్యోగం కాగితం కాదు, అప్రెంటిస్ ఒప్పందం. ఆవిడ జీతం అనుకున్నది స్టైపెండు. ఈ మాటలు మనం రోజూ వింటూనే ఉంటాం గాని, వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే సంతకం పెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

పని నేర్చుకోవడం మనకి కొత్త కాదు. సాలెవారి పిల్లవాడు మగ్గం దగ్గరా, కంసాలి పిల్లవాడు కుంపటి దగ్గరా నేర్చుకునేవాడు. నేత ఇళ్ళలో నూలు చుట్టి, ఆసు పోసి ఆడవాళ్ళూ ఒళ్ళు వంచి పనిచేసినవాళ్ళే. అయినా పనివాడనే పేరు మాత్రం మగవాడిదే. ఇప్పుడు మనం అనే "మేస్త్రీ" కూడా పోర్చుగీసువాళ్ళ భాషలోంచి వచ్చిన మాట. గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థం. మేస్త్రీ అనగానే మన కళ్ళముందు ఎప్పుడైనా ఓ ఆడమనిషి కనబడిందా చెప్పండి?

"అప్రెంటిస్" అనేది ఫ్రెంచి భాషలో "నేర్చుకోవడం" అనే మాటలోంచి పుట్టింది. ఇంగ్లండులో 1563లో వచ్చిన చట్టం ప్రకారం ఏడేళ్ళపాటు ఒకరి దగ్గర పని నేర్చుకుంటేగాని ఆ వృత్తి చేసుకునే హక్కు లేదు. మన దేశంలో 1850లో అప్రెంటిస్ చట్టం చేశారు. ముఖ్యంగా అనాథలనూ, బీదపిల్లలనూ దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టమది. పదేళ్ళు దాటి పద్ధెనిమిది నిండని పిల్లల్ని తండ్రిగాని, సంరక్షకుడుగాని పని నేర్చుకోవడానికి ఒప్పందం రాసి అప్పగించవచ్చు. గడువు ఏడేళ్ళు మించకూడదు. మగపిల్లవాడికైతే ఇరవై ఒకటో ఏడు దాటకూడదు. మరి ఆడపిల్లకో? పెళ్ళి దాటకూడదు! మెడలో తాళి పడిందంటే పని నేర్చుకోవడం సరి. మా వదినగారన్న మాట నూటడెబ్భై ఏళ్ళ క్రితమే చట్టంలో రాసి ఉందన్నమాట.

ఈ రాతను తిరగరాసిన ఒక తెలుగింటి ఆడపడుచు కథ చెబుతాను. మద్రాసులో 1794లో ఎనిమిది మంది కుర్రాళ్ళతో సర్వే స్కూలు పెట్టారు. అదే పెరిగి పెద్దదై గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది. అందులో 1940లో చేరారు అయ్యలసోమయాజుల లలిత. పదిహేనో ఏట పెళ్ళి; పద్ధెనిమిదో ఏట, ఒళ్ళో నాలుగు నెలల పాపతో వైధవ్యం. తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ కాలేజీలోనే ఆచార్యులు. ఆయన పట్టుబట్టి అధికారులను ఒప్పించి కూతుర్ని ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేర్పించారు. మరో ఇద్దరు అమ్మాయిలూ చేరారు. 1943లో చదువు ముగిసింది. తీరా పట్టాలు చూస్తే, వాటిలో "అతడు" అనే అచ్చయి ఉంది! దాన్ని కొట్టేసి "ఆమె" అని మార్చి ఇవ్వవలసి వచ్చింది. ఆ తరవాత ఆవిడ బీహారులోని జమాల్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఏడాదిపాటు అప్రెంటిస్‌గా పనిచేశారు. భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ లైన్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. పెళ్ళితో ముగియాలని చట్టం అన్న చదువు, ఆవిడ విషయంలో పెళ్ళి తరవాతే మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక, 1950లో వృత్తి శిక్షణ పథకం మొదలై ఐ.టి.ఐ.లు వెలిశాయి. అక్కడ నేర్పే ఒక్కొక్క పనినీ "ట్రేడు" అంటారు. ఆ మాటకి మొదట్లో "నడిచే దారి" అని అర్థం. ఐ.టి.ఐ.లో ఇచ్చేది ట్రేడు సర్టిఫికెట్టు. పాలిటెక్నిక్‌లో ఇచ్చేది డిప్లొమా. రెండూ ఒకటనుకుని చేర్పించి, తరవాత నొచ్చుకున్న తల్లులు ఎందరో!

ఇక 1961లో వచ్చిన కొత్త అప్రెంటిస్ చట్టంలో పెళ్ళి షరతు లేదు. కాని తెలుసుకోవలసినవి నాలుగున్నాయి. ఈ చట్టం దృష్టిలో అప్రెంటిస్ నేర్చుకునే మనిషే గాని ఉద్యోగి కాదు. అందుకే ఇచ్చేది జీతం కాదు, స్టైపెండు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఇస్తామని ఒప్పందంలో రాసి ఉంటే తప్ప. ఉద్యోగి కాకపోయినా పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. మనవైపు తప్పువల్ల మధ్యలో ఒప్పందం రద్దయితే శిక్షణ ఖర్చు మనం కట్టుకోవలసి వస్తుంది.

ఇదంతా విని వదినగారు కాసేపు మాట్లాడలేదు. "అయితే సంతకం పెట్టనా, వద్దా?" అన్నారు.

"నిక్షేపంగా పెట్టండి వదినా. ఉద్యోగమనుకుని కాదు, చదువనుకుని పెట్టండి. గడువు ఎన్నాళ్ళో చూసుకోండి. ఆ గడువు పూర్తయ్యేదాకా సంబంధాల మాట ఎత్తకండి" అన్నాను.

ఆవిడ నవ్వి, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టారు. మీ ఇంటికీ అలాంటి కాగితం వస్తే మీరూ అలాగే చదవండి.

సెలవు.