ఒడ్డు చేరినవాడు

ద్వీపాంతరవాసం అనగానే మనకి అండమాన్ గుర్తొస్తుంది. ఒకప్పటి ఐర్లండువాళ్ళకి ఆస్ట్రేలియా!

జాన్ బాయిల్ ఓరైలీ బ్రిటిష్ సైన్యంలో ఉంటూనే తోటి ఐరిష్ సిపాయిల్ని రహస్యంగా ఫీనియన్ విప్లవ సంఘంలో చేర్పించేవాడు. పట్టుబడ్డాడు. మరణశిక్ష వేసి, తరవాత 20 ఏళ్ళ ఖైదుగా మార్చారు. ఆస్ట్రేలియాకి వెళ్ళిన ఆఖరి ఖైదీల ఓడ 1868 జనవరిలో అతన్ని పడమటి తీరాన దింపింది. మరుసటేడే ఓ తిమింగిలాల వేట ఓడెక్కి పారిపోయాడు. బోస్టన్‌లో పత్రికా సంపాదకుడయ్యాడు. ఖైదీల బతుకు మీద 'మూన్‌డైన్' అనే నవలా రాశాడు.

నేనైతే అక్కడే 'సమాప్తం' అని రాసేసేదాన్ని. అతను రాయలేదు. సంకెళ్ళలో మిగిలిపోయిన సహచరులున్నారు మరి! వేట ఓడంటే ఎవరికీ అనుమానం రాదు కనక, అలాంటిదే పంపమని సలహా ఇచ్చాడు. 1876లో 'కెటాల్పా' ఆరుగురిని విడిపించుకొచ్చింది.

తను ఒడ్డెక్కాక వెనక్కి తిరిగి చూసేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి?