నిద్రమూలికగా లావెండరు

సబ్బులు, పౌడర్లు వాడేవారికి లావెండరు అన్న పేరు క్రొత్తది కాదు. కాని ఆ మొక్కను చూచినవారు మన ప్రాంతంలో అరుదు. తులసి, మరువం, పుదీనా ఏ కుటుంబానికి చెందినవో ఈ చిన్న పొద కూడ ఆ కుటుంబానిదే. మధ్యధరా సముద్రతీరపు రాతికొండలు దీని పుట్టినిల్లు. మన దేశంలో జమ్మూ ప్రాంతపు భదర్వాలో రైతులు కొంతకాలంగా దీనిని పండించుచున్నారు. ఊదారంగు పూలకంకులను ఆవిరితో బట్టీపట్టి తైలం తీస్తారు. ఈ తైలం రెండు చుక్కలు తలగడపై చల్లుకొంటే ఆందోళన తగ్గి నిద్రపట్టునని నేడు లోకమంతటా ప్రచారం ఉన్నది. ఇది వేల సంవత్సరాలనుండి వచ్చుచున్న నమ్మకమని చాలమంది అనుకొంటారు. పాత గ్రంథాలు తిరగవేస్తే కథ వేరుగా కనిపిస్తుంది.

క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ ఓషధులను గురించి వ్రాసిన గ్రంథంలో లావెండరు జాతి మొక్క ఒకటి ఉన్నది. దాని కషాయాన్ని ఆయన చెప్పినది రొమ్ము వ్యాధులకు. లావెండరు అన్న పేరు కడుగుట అనే అర్థంగల లాటిన్ ధాతువునుండి వచ్చినదని చాలమంది పండితుల అభిప్రాయం. 16వ శతాబ్దంలో ఇంగ్లండులో విలియం టర్నర్, ఈ పూలను టోపీలో కుట్టుకొని ధరిస్తే శీతలం వలన వచ్చే శిరోవ్యాధులు తగ్గునని, మెదడుకు హాయి కలుగునని వ్రాసినాడు. 1597లో వెలువడిన జాన్ జెరార్డ్ గ్రంథం ప్రకారం లావెండరు అర్కును వాసన చూచినా, కణతలకు, నుదుటికి రాచినా మూర్ఛరోగులు, తరచు సొమ్మసిల్లేవారు తేరుకొంటారు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. మనవారు పదార్థాలను వేడిచేసేవి, చలవచేసేవి అని విభజించినట్లే ఆనాటి యూరపు వైద్యులు కూడ విభజించేవారు. నిద్రపుచ్చేవన్నీ వారి లెక్కలో చలవ పదార్థాలు, నల్లమందు అటువంటిది. లావెండరు వేడిచేసే జాతిలోనిది. కనుకనే సొమ్మసిల్లినవానిని లేపడానికి అది పనికివచ్చినది. లేపే మందును నిద్రమందుగా ఎంచడానికి ఆ సిద్ధాంతంలో అంతగా తావు లేదు.

తరువాతి కాలంలో ‘లావెండరు చుక్కలు’ అనే మందు బ్రిటిష్ ఔషధ గ్రంథాలకు ఎక్కినది. గుండెదడకు, నరాల నిస్త్రాణకు, సొమ్మకు దానిని త్రాగేవారు. అందులో లావెండరు, రోజ్‌మేరీ తైలాలతోపాటు దాల్చినచెక్క, జాజికాయ ఉండేవి. వాటికి ఎర్రని రంగునిచ్చినది ఎర్రచందనం; అనగా మన కడప, చిత్తూరు కొండలలో పెరిగే చెట్టు! ఇవన్నీ కలిపినది మద్యసారంలో గనుక, త్రాగినవారికి కలిగిన ఊరటలో లావెండరు వాటా ఎంతో, మద్యసారం వాటా ఎంతో వేరుచేసి చెప్పడం కష్టం.

నేటి సుగంధ చికిత్సకు ఆ పేరుపెట్టినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు రెనే మోరిస్ గాట్‌ఫోసే. 1910లో ఆయన ప్రయోగశాలలో ప్రేలుడు జరిగి శరీరం కాలినది. పుండ్లు కుళ్ళనారంభించగా లావెండరు తైలంతో కడిగితే నయమైనదని 1937లో ప్రచురించిన గ్రంథంలో ఆయనే వ్రాసినాడు. కాలిన చేతిని వెంటనే లావెండరు తొట్టిలో ముంచినాడన్నది తరువాత అల్లిన కథ. ఏమైనను అది క్రిమిసంహారక గుణానికి సంబంధించిన అనుభవమేగాని, నిద్రకు సంబంధించినది కాదు.

వాసనతో నిద్ర అన్న మాటకు వైద్యలోకంలో పలుకుబడి తెచ్చిన పరిశీలనలలో ఒకటి 1995లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చినది. వృద్ధరోగులకు నిద్రమాత్రలు మాన్పించగా నిద్ర తగ్గినది. రాత్రివేళ గదిలో లావెండరు వాసన నింపగా మునుపటి స్థాయికి వచ్చినది. ఆశ పుట్టించే ఫలితమే. కాని ఆ రోగులు మొత్తం నలుగురు! ఈ రకపు పరీక్షలకు మరొక చిక్కు ఉన్నది. మాత్రలైతే మందున్నది, మందులేనిది ఒకేలా చేసి, ఎవరికి ఏది ఇచ్చినదీ తెలియకుండ పరీక్షింపవచ్చును. వాసనను దాచడమెట్లు? పీల్చినవాడికి వెంటనే తెలిసిపోవును; తెలియగానే నమ్మకం తన పని తాను చేయును.

ఈ చిక్కును దాటడానికి జర్మనీలో తైలాన్ని గుళికలలో నింపి మ్రింగించినారు. 2010లో ప్రకటించిన ఒక పరీక్షలో 77 మంది ఆందోళన రోగులకు 6 వారాలు, కొందరికి రోజుకు 80 మిల్లీగ్రాముల తైలం, కొందరికి అర మిల్లీగ్రాము లోరాజెపామ్ ఇచ్చినారు. ఇరువురిలోను ఆందోళన ఇంచుమించు ఒకే మేరకు తగ్గినది. లోరాజెపామ్ మోతాదు తక్కువదన్న సంగతి మరువరాదు. 2014లో ప్రకటించిన మరొక పరీక్షలో 539 మంది పాల్గొన్నారు. అందులోను మందులేని గుళిక కంటె తైలపు గుళికయే మెరుగు. ఈ పరీక్షలు చాలవరకు తయారీదారుల సొమ్ముతో జరిగినవి. ఐరోపా ఔషధ సంస్థ కూడ 2012లో లావెండరు తైలాన్ని చిరకాల వాడుక ప్రాతిపదికపైననే అంగీకరించినది. గుళికను చూచి సీసాలోని తైలాన్ని త్రాగబోవడం ప్రమాదం. అంగడిలో దొరికే తైలం మ్రింగడానికి చేసినది కాదు.

తైలంలో ముఖ్యమైనవి లినాలూల్, లినలైల్ ఎసిటేట్ అనే పదార్థాలు. లినాలూల్ లావెండరు సొంత ఆస్తి కాదు. మన పోపులపెట్టెలోని ధనియాల నుండి తీసిన తైలంలో సగానికి పైగా ఉన్నది అదే. 2018లో జపానులోని కగోషిమా విశ్వవిద్యాలయంవారు చిట్టెలుకలకు దాని ఆవిరిని పీల్పించినారు. వాటి బెదురు తగ్గినది, నడక తూలలేదు. వాసన తెలియకుండా చేసిన ఎలుకలలో మాత్రం ఏ మార్పూ రాలేదు. లోరాజెపామ్ వంటి మందులకు విరుగుడు ఇచ్చినప్పుడు కూడ ఆ ప్రభావం పోయినది. గుళికలోని తైలమో, ఆ మందులు మెదడులో పట్టుకొనే చోటును అంటకుండ, నరకణాలలోనికి కాల్షియం పోయే ద్వారాలను కొంత బిగించుచున్నదని అంతకు ముందే ప్రయోగశాలలో తేలియున్నది.