గుగ్గిలం చెట్టుకు తొలకరి గండం

సంధ్యవేళ ఇంట్లో గుగ్గిలం పొగ వేస్తాం. అది సాలవృక్షం కార్చే జిగురని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ జిగురే చెట్టుకు ఆయుధమన్న సంగతి మాత్రం కొందరికి కొత్తగా తోచవచ్చు.

సాలవృక్షానికి శత్రువు ఒక పొడుగు మీసాల పెంకుపురుగు. తొలకరి పడగానే, జూన్, జూలై నెలల్లో, చెట్టును తొలుచుకుని బయటికి వస్తుంది. ఆడపురుగు బెరడు పగుళ్లలో వందకు పైగా గుడ్లు పెడుతుంది. వారం తిరక్కుండానే పిల్లపురుగులు పుట్టి, బెరడు కింద తిని తిని, చివరికి చేవలోకి దిగుతాయి. రెక్కలు వచ్చినా మళ్లీ తొలకరి దాకా లోపలే కాపురం. ఏడాదికి ఒక్కటే తరం అన్నమాట!

బలమైన చెట్టు జిగురు కార్చి పిల్లపురుగుల్ని అందులోనే ముంచి చంపుతుంది. ముసలి చెట్టుకూ, నేలకొరిగిన చెట్టుకూ ఆ శక్తి ఉండదు. పురుగులు మరీ పెచ్చుపెరిగిన ఏడు, నిక్షేపంలాంటి చెట్టుకు కూడా జిగురు చాలదు.

1923-28 మధ్య, నేటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా ప్రాంతంలో అదే జరిగింది. సుమారు 70 లక్షల చెట్లు చచ్చాయని లెక్క కట్టారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో బీసన్ వంటి కీటక శాస్త్రజ్ఞులు ఈ పురుగు నడతను శ్రద్ధగా పరిశీలించారు. అప్పుడే కొట్టిన సాలచెట్టు రసమంటే దానికి ప్రాణం! అందుకని కొన్ని చెట్లు కొట్టి, దుంగల చివర్లు చితక్కొట్టి అడవిలో పెడతారు. పురుగులు వచ్చి రసం తాగి మత్తుగా పడి ఉంటాయి. అడవి పల్లెల జనం వాటిని చేత్తో ఏరేస్తారు. మందుతో పనిలేదు. కాని వానలు మొదలైన కొద్ది వారాలే దానికి అదను. అది దాటితే మళ్లీ ఏడాది ఆగవలసిందే.

1997 ప్రాంతంలో ఆ అడవులకే మళ్లీ తెగులు వచ్చింది. ఈసారి పురుగు పట్టిన చెట్లను లక్షల్లో నరికారు. నరక్కపోతే పురుగు పాకుతుందని అధికారులన్నారు. కోలుకోగల చెట్లు కూడా గొడ్డలి పాలవుతున్నాయని మరికొందరు అడ్డుచెప్పారు. సాలాకుతో విస్తళ్లు కుట్టి, గింజలు ఏరి అమ్ముకుని సంసారం నడుపుకునే అక్కడి ఆడవాళ్లకు, చెట్టు ఎలా పోయినా కూడు పోయినట్టే కదా!

చెట్టు మొదట్లో రంపపుపొట్టు కుప్ప పడి, కొమ్మలు ఎండిపోతే ఇక ఆశ లేదు. జిగురు ఇంకా కారుతోందంటే మాత్రం ఆ చెట్టు పోరాడుతోందన్నమాటే. గొడ్డలి ఎత్తేముందు ఆ తేడా చూడాలి. ఏమంటారు?