ఖాళీ గిన్నెల మోత

2021 ఏప్రిల్‌లో కొలంబియా ఆర్థికమంత్రి అల్బెర్టో కరస్కియాను ఒక ఇంటర్వ్యూలో డజను కోడిగుడ్లు ఎంతకొస్తాయని అడిగారు. 1,800 పెసోలు అన్నాడాయన. ఆ రోజుల్లో బొగొటా బజారులో ఆ డబ్బుకు అరడజను కూడా రావు. కరోనాతో ఉపాధి పోయి జనం అల్లాడుతున్న సమయమది. వ్యాట్‌ను మరిన్ని సరుకులకు, ఆదాయపు పన్నును ఇంకాస్త కింది వర్గాలకు పాకించే బిల్లు ఆయన చేతిలో ఉంది. గుడ్ల ధర తెలియని మనిషి మా పళ్ళెంలో చెయ్యి పెడతాడా అని ఇల్లాళ్ళకు ఒళ్ళు మండింది. ఏప్రిల్ 28న దేశమంతటా సమ్మె మొదలైంది. పగలు వీధుల్లో ఊరేగింపులు, రాత్రి కిటికీల్లోంచి గిన్నెల మోత. మే 2న బిల్లు వెనక్కి తీసుకున్నారు. మర్నాడు మంత్రి రాజీనామా చేశాడు. ఆ ఆందోళనల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. బిల్లు పోయాక కూడా జనం వారాల తరబడి రోడ్లు వదల్లేదు.

ఖాళీ గిన్నెను గరిటెతో మోగించి సర్కారుకు కోపం తెలియజేసే ఈ పద్ధతిని స్పానిష్ మాట్లాడే దేశాల్లో కాసెరోలాజో అంటారు. దీనికి జెండా అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, సభకు పోలీసు అనుమతి అక్కర్లేదు. గడప దాటలేని మనిషి కూడా వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఊరేగింపులో కలవొచ్చు. కర్ఫ్యూ పెట్టి వీధులు మూయించగలరు గానీ, చీకట్లో ఏ అంతస్తులో ఏ తపేలా మోగిందో కనిపెట్టి కేసు పెట్టడం ఏ పోలీసు వల్లా కాదు. పైగా అది అంటువ్యాధి. ఒక ఇంట్లో మోగితే పక్కింటికి పాకుతుంది, పది నిమిషాల్లో పేటంతా అందుకుంటుంది.

దీని మూలాలు వెతికేవాళ్ళు సాధారణంగా ఫ్రాన్స్‌కు వెళతారు. అక్కడి పల్లెల్లో పాతకాలం నుంచి షరివరీ అనే ఆచారం ఉండేది. ముసలి విధురుడు పడుచుపిల్లను కట్టుకున్నా, ఊరికి నచ్చని మరే పని ఎవరు చేసినా రాత్రిపూట ఆ ఇంటి ముందు చేరి డబ్బాలూ బాణలులూ మోగించి పరువు తీసేవాళ్ళు. 1830 విప్లవం తర్వాత గద్దెనెక్కిన లూయీ ఫిలిప్ ప్రభుత్వం ఇచ్చిన మాట తప్పిందని జనానికి కోపం వచ్చింది. అప్పుడు ఈ ఆచారమే రాజకీయాల్లోకి దిగింది. 1832లో ప్రభుత్వాన్ని సమర్థించే శాసనసభ్యులు సొంత ఊళ్ళకు వస్తే వాళ్ళ కిటికీల కింద ఇదే కచేరీ. తర్వాత రోజుల్లో దేశాధినేత అయిన అడాల్ఫ్ తియేర్ కూడా ఆ సత్కారం అందుకున్నవాడే. ఆ ఏడాది డిసెంబర్‌లో పారిస్‌లో మొదలైన వ్యంగ్య పత్రిక పేరు కూడా 'లె షరివరీ'యే. అయితే ఆ మోతలో ఉన్నది ఎగతాళి. గిన్నె ఖాళీగా ఉందన్న సంగతి దానికి పట్టదు.

ఆకలి లెక్క దానికి తోడైంది చిలీలో. 1971 డిసెంబర్ 1న సాంటియాగో వీధుల్లో వేలమంది స్త్రీలు ఖాళీ గిన్నెలు మోగిస్తూ నడిచారు. సాల్వడార్ అయ్యెందే సోషలిస్టు ప్రభుత్వానికి అది రెండో ఏడు. ఫిడెల్ కాస్ట్రో ఆ దేశంలోనే ఉన్నాడు, మూడు వారాలుగా పర్యటిస్తున్నాడు. సరుకులు దొరకడం లేదు, దుకాణాల ముందు క్యూలు పెరుగుతున్నాయి. జీతాలు పెరిగి కొనేవాళ్ళు ఎక్కువయ్యారు, ధరలు కట్టేసినందుకు వర్తకులు సరుకు దాచారు, అమెరికా అప్పు పుట్టకుండా చేసింది. ఆ నడిచినవాళ్ళలో చాలామంది ప్రతిపక్షాల వెంట వచ్చిన కలిగిన ఇళ్ళవాళ్ళు. వాళ్ళ గిన్నెలు నిజంగా ఖాళీవేనా అని చిలీలో ఇప్పటికీ వాదించుకుంటారు. అందరివీ ఖాళీవి కావన్నదే నా అభిప్రాయం. అయినా క్యూ నిజం. క్యూలో నిలబడ్డవాళ్ళ విసుగూ నిజమే. ఆ విసుగును ఎవరు వాడుకున్నారన్నది వేరే సంగతి. 1973 సెప్టెంబర్ 11న సైన్యం అయ్యెందేను కూలదోసింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే గిన్నె ఎవరి పక్షమూ కాదని తెలుస్తుంది. 1982లో చిలీ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా పని లేకుండా పోయింది. మురికివాడల్లో ఆడవాళ్ళు ఇంటింటా ఉన్న గుప్పెడు గింజలూ ఒకచోట చేర్చి ఉమ్మడి వంట మొదలుపెట్టారు. 1983 మే 11న రాగి గని కార్మికులు ఇచ్చిన పిలుపుతో రాత్రి ఎనిమిదింటికి నగరమంతా గిన్నెలు మోగాయి, ఈసారి అయ్యెందేను కూలదోసి గద్దెనెక్కిన జనరల్ పినోచెట్ మీద. పార్టీలు నిషేధం, సభలు నిషేధం. నోరు తెరిస్తే మనిషి మాయమయ్యే దేశంలో పదేళ్ళ తర్వాత పక్కింటివాడి మనసు తెలుసుకునే వీలు ఆ మోతతోనే దొరికింది.

ఈ చరిత్ర రాసేవాళ్ళు చిలీ నుంచి నేరుగా అర్జెంటీనాకు వెళ్ళిపోతారు. మధ్యలో బొంబాయిని వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

1972 నాటికి మహారాష్ట్రలో కరువు మూడో ఏటికి చేరుకుంటోంది. పంటలు పోయాయి, రేషన్ దుకాణంలో సరుకు ఉండదు, అదే సరుకు నల్లబజారులో కావలసినంత. సోషలిస్టు నాయకురాలు మృణాల్ గోరే, సీపీఎం నాయకురాలు అహల్యా రంగ్నేకర్, సీపీఐ నుంచి తారా రెడ్డి, ఇంకా ఏ పార్టీలోనూ లేని ఎందరో గృహిణులు కలిసి ధరల పెరుగుదల వ్యతిరేక మహిళా సంఘటన కట్టారు. మృణాల్ గోరేది బొంబాయిలోని గోరేగావ్. పేటపేటకూ కుళాయి తెప్పించడానికి మున్సిపాలిటీతో ఏళ్ళ తరబడి పోరాడినందుకు జనం ఆమెను పానీవాలీ బాయి అని పిలిచేవారు. ఒక కుటుంబానికి రోజుకు ఎన్ని బిందెల నీళ్ళు కావాలో, నెలకు కిరసనాయిలు ఎంత కావాలో నోటిలెక్కగా తెలిసిన మనిషి.

వాళ్ళు పిలుపిస్తే పదివేలు, ఇరవైవేల మంది ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చేవారు. చేతిలో అప్పడాల కర్ర. మరాఠీలో దాన్ని లాటణే అంటారు కాబట్టి ఆ ఊరేగింపులకు లాటణే మోర్చా అనే పేరు పడింది. రాలేనివాళ్ళు మరిన్ని వేలమంది. పొయ్యి మీద ఎసరు, ఉయ్యాల్లో పిల్ల, వసారాలో అత్తగారు. వాళ్ళకోసం ఒక ఉపాయం చేశారు. ఊరేగింపు నడుస్తున్న వేళకు ఎవరింట్లో వాళ్ళు స్టీలు పళ్ళెం తీసి అప్పడాల కర్రతో మోగించాలి. బొంబాయి చాల్‌లలో ఒకే పొడుగాటి వరండా మీదికి పది పన్నెండు గదుల తలుపులు తెరుచుకుంటాయి. అలాంటి నాలుగు అంతస్తుల కట్టడంలో ప్రతి తలుపు దగ్గరా ఒక పళ్ళెం మోగితే కింద నడిచేవాళ్ళకు కలిగే ధైర్యాన్ని ఊహించుకోవచ్చు. చిలీ సంగతి ఆ ఇల్లాళ్ళు పేపర్లో చదివి చేశారని నేను అనుకోను. వంటింట్లో మగ్గే మనిషి చేతికి ఏది అందితే అదే ఆయుధం అవుతుంది, సాంటియాగోలోనైనా, బొంబాయి గిర్గావ్‌లోనైనా.

బొంబాయి వాళ్ళను నేను ఒక మెట్టు పైన నిలబెట్టేది మోతతో ఆగనందుకు. సరుకు దాచిన గోదాములు ఎక్కడున్నాయో కనుక్కొని వెళ్ళి పట్టించారు. ప్రజాప్రతినిధులనూ పారిశ్రామికవేత్తలనూ ఘెరావ్ చేశారు. నిత్యావసరాలకు ధర కట్టాలి, అందరికీ పంచాలి, దానికి చట్టబలం ఉండాలి అని లెక్కలతో అడిగారు. ఘెరావ్‌లో మగవాళ్ళకు గాజులు ఇచ్చి సిగ్గు తెచ్చుకోమనడం ఒక్కటే నాకు మింగుడుపడదు. నగరాన్ని నడిరోడ్డు మీద నిలదీసిన చేతులకున్నవే ఆ గాజులు. వాటిని పిరికితనానికి గుర్తుగా చూపాల్సిన అవసరం ఆ చేతులకు లేదు.

ఈ కాక గుజరాత్‌కు పాకింది. 1973 డిసెంబర్‌లో అహ్మదాబాద్‌లోని ఎల్.డి. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మెస్ బిల్లు పెరిగిందని మొదలైన గొడవ నవనిర్మాణ ఉద్యమంగా మారింది. 1974 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ దిగిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏడాదికే ఎమర్జెన్సీ. మృణాల్ గోరే జైలుకు వెళ్ళింది. 1977 ఎన్నికల్లో ఆమే కాదు, అహల్యా రంగ్నేకర్ కూడా బొంబాయి నుంచి గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. అప్పడాల కర్ర నుంచి పార్లమెంటు దాకా ఐదేళ్ళ దూరం.

ఇక అర్జెంటీనా. 2001 డిసెంబర్ మొదట్లో ప్రభుత్వం బ్యాంకు ఖాతాల నుంచి వారానికి 250 పెసోలకు మించి తీసుకోకూడదని కట్టడి పెట్టింది. పదేళ్ళుగా ఒక పెసో ఒక డాలరుతో సమానమని చట్టం చేసి, అప్పులతో ఆ సమానాన్ని నిలబెడుతూ వచ్చిన దేశమది. నిరుద్యోగం 18 శాతం దాటింది. నగర శివార్లలో ఆకలిగొన్నవాళ్ళు సూపర్ మార్కెట్లు లూటీ చేశారు. డిసెంబర్ 19 రాత్రి అధ్యక్షుడు ఫెర్నాండో దె లా రువా టీవీలో కనిపించి అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ప్రసంగం పూర్తయ్యేలోపే బ్యూనస్ ఐరిస్ బాల్కనీల్లో గిన్నెలు మోగడం మొదలైంది. అది అక్కడ ఎండాకాలం. నిక్కర్లతో, ఇంటి చెప్పులతో, చంకలో పిల్లలతో జనం కిందికి దిగి మూలమలుపుల్లో చేరారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ దారి చూపలేదు. గుంపులన్నీ అధ్యక్ష భవనం ఎదుటి ప్లాజా దె మాయో వైపు నడిచాయి. తెల్లారేలోగా ఆర్థికమంత్రి దొమింగో కవాయో పదవి వదిలాడు. మర్నాడు సాయంత్రం అధ్యక్షుడు రాజీనామా చేసి భవనం పైకప్పు మీంచి హెలికాప్టర్ ఎక్కాడు. ఆ రెండు రోజుల్లో ముప్పై మందికి పైగా చనిపోయారు.

తర్వాత అధ్యక్షుడిగా వచ్చిన రొద్రీగెస్ సా కూడా వారం తిరక్కుండా మరో గిన్నెల మోత విని తప్పుకున్నాడు. అక్కడ నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. అంతకు ముందు పనిలేని పేదలు రహదారులు దిగ్బంధిస్తే మధ్యతరగతి విసుక్కునేది. తన బ్యాంకు డబ్బు ఇరుక్కున్నాకే రోడ్డు మీది పేదవాడు దానికి కనిపించాడు. కొన్ని నెలలు ఇద్దరూ కలిసి నడిచారు. డిపాజిట్ల గొడవ సద్దుమణిగాక మధ్యతరగతి మళ్ళీ ఇంటికి పోయింది, పేదలు రహదారి మీదే మిగిలారు.

ఆ తర్వాత ఈ మోత చాలా దేశాలు తిరిగింది. 2009 జనవరిలో బ్యాంకులు మునిగిన ఐస్‌లాండ్‌లో పార్లమెంటు ముందు గిన్నెలు కొట్టి ప్రభుత్వాన్ని దించారు. 2012లో కెనడాలోని క్వెబెక్‌లో కాలేజీ ఫీజుల పెంపు మీద, ఊరేగింపులను కట్టడి చేసిన చట్టం మీద రాత్రి ఎనిమిదింటికి వీధివీధీ మోగింది. 2019 అక్టోబర్‌లో మళ్ళీ చిలీ. మెట్రో టికెట్టు 30 పెసోలు పెరిగిందన్నది సాకు, ముప్పై ఏళ్ళ దగా అసలు కారణం అన్నారు జనం. సైన్యం కర్ఫ్యూ పెడితే తాతమ్మల నాటి గిన్నెలు మళ్ళీ కిటికీల్లోకి వచ్చాయి.

మన తెలుగు నేల మీద గిన్నె మోగడం కంటే బిందె నడవడం ఎక్కువ. ఖాళీ బిందెలతో మున్సిపల్ ఆఫీసు ముందు బైఠాయింపు చూడని వేసవి మన పట్టణాల్లో అరుదు. గ్యాస్ ధర పెరిగితే బండను నడిరోడ్డు మీద పెట్టి పక్కనే కట్టెల పొయ్యి రాజేస్తారు. రోడ్డు మీదే వండి నిరసన తెలిపే వంటావార్పు కూడా ఇలాంటిదే. 2011లో తెలంగాణ ఉద్యమం దాన్ని హైదరాబాద్ రోడ్ల మీదికి ఎంత పెద్ద ఎత్తున తెచ్చిందో అందరికీ గుర్తే. 2000లో కరెంటు ఛార్జీలు పెరిగినప్పుడు ప్రపంచబ్యాంకు సంస్కరణల బిల్లు నేరుగా ఇంటి మీటరు మీదికి వచ్చింది. ఆగస్టు 28న ఛలో అసెంబ్లీ అని వచ్చినవాళ్ళకు బషీర్‌బాగ్ దగ్గర గుర్రాలు, నీటి ఫిరంగులు, చివరికి తుపాకులు ఎదురయ్యాయి. ముగ్గురు చనిపోయారు. నాలుగేళ్ళ తర్వాత ప్రభుత్వం మారినప్పుడు కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం రైతులకు ఉచిత కరెంటు మీద పడిందంటే, ఆ రోడ్డు మీది నెత్తురు అందరికీ గుర్తుందనే అర్థం.

పళ్ళెం మోతను ప్రభుత్వాలూ పార్టీలూ కూడా నేర్చుకున్నాయి. 2020 మార్చి 22న వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా దేశమంతా పళ్ళేలు మోగించమని ప్రధాని కోరారు. అదే ఏడాది డిసెంబర్ 27న ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు ఆయన మన్ కీ బాత్ ప్రసంగం సాగినంతసేపూ పళ్ళేలు మోగించారు. 2023 సెప్టెంబర్ 30 సాయంత్రం తమ నాయకుడి అరెస్టు మీద తెలుగుదేశం పార్టీ 'మోత మోగిద్దాం' అని పిలుపిచ్చింది. పార్టీ పిలిచిన మోత గడియారం చూసి మొదలై గడియారం చూసి ఆగుతుంది. ధర పుట్టించిన మోతకు ఆ వీలు లేదు. ధర దిగేదాకా ఇంట్లో పళ్ళెం ఖాళీగానే ఉంటుంది.

బొంబాయి పళ్ళేల సంగతి నాలాంటివాళ్ళకు తెలిసిందంటే రాధా కుమార్ 1993లో 'ది హిస్టరీ ఆఫ్ డూయింగ్' పుస్తకంలో రాసిపెట్టబట్టే. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ గొంతులు మిగిలాయంటే స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి వాళ్ళను మాట్లాడించి 'మనకు తెలియని మన చరిత్ర' తేబట్టే. ధరల మీద, ఛార్జీల మీద రోడ్డెక్కిన ఆడవాళ్ళ ఫొటోలు మన పేపర్లలో వందలు పడ్డాయి. వాటి కింద 'మహిళల నిరసన' అన్న మాటే గానీ ఒక్క పేరు ఉండదు. 2000లో నలభై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి. వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగాలి. ఆ నెల మీ కరెంటు బిల్లు ఎంతొచ్చింది, కిలో బియ్యం ఎంతకి కొన్నారు, ఎవరు పిలిస్తే బయల్దేరారు, ఇంట్లో ఏం చెప్పి వచ్చారు, లాఠీ పడ్డాక మళ్ళీ ఎన్నాళ్ళకు వెళ్ళారు అని. వాళ్ళు చెప్పినదాన్ని వాళ్ళ పేర్లతో సహా, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టాలి.