టై కాబ్ 211వ హిట్

రికార్డు పుస్తకాల్లో టై కాబ్ 1922 లెక్క ఇలా ఉంటుంది: 526 అవకాశాలు, 211 హిట్లు, యావరేజి .401. హిట్లలోంచి ఒక్కటి తీసేసి భాగించి చూడండి. .399 వస్తుంది. బేస్‌బాల్‌లో ఈ రెండు అంకెల మధ్య ఉన్నది మామూలు దూరం కాదు. ఒక సీజనంతా ఆడి .400 దాటినవాళ్ళు కొద్దిమందే. 1941లో టెడ్ విలియమ్స్ .406 కొట్టాక అమెరికన్, నేషనల్ లీగ్‌ల సీజన్లలో ఆ గీత దాటినవాడే లేడు. డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు కాబ్ మాత్రం 1911లో ఒకసారి, 1912లో ఒకసారి, 1922లో మూడోసారి దాటాడు.

చిక్కంతా ఈ మూడోసారిలోనే ఉంది. ఆ 211 హిట్లలో ఒకదాన్ని, తీర్పు చెప్పాల్సిన మనిషి అసలు హిట్ అని రాయలేదు. ఎర్రర్ అని రాశాడు.

క్రికెట్‌లో ఫీల్డర్ కాళ్ళ సందులోంచి బంతి జారిపోతే ఆ పరుగులు బ్యాటర్‌కే పడతాయి. ఫీల్డర్‌ని కామెంటేటర్ తిట్టొచ్చు గానీ స్కోరుకార్డు తిట్టదు. బేస్‌బాల్ స్కోరుబోర్డు మీద పరుగులు, హిట్ల పక్కనే ఎర్రర్లకూ ఒక గడి ఉంటుంది. బ్యాటర్ మొదటి బేస్ చేరితే, తన దెబ్బ బలంతో చేరాడా, ఫీల్డర్ చేజార్చడం వల్ల చేరాడా అన్నది అక్కడికక్కడే తేలాలి. తేల్చేది అంపైర్ కాదు, పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చున్న అఫీషియల్ స్కోరర్. ఎర్రర్ అని అతను రాశాడా, బేస్ మీద దర్జాగా నిలబడి ఉన్నా సరే, యావరేజి లెక్కలో బ్యాటర్ అవుటైనట్టే. అవకాశం ఒకటి ఖర్చవుతుంది, హిట్ రాదు. ఆ రోజుల్లో ఈ బాధ్యత మోసింది పత్రికా విలేకరులే.

ఇక ఆ బంతి దగ్గరికి వద్దాం. 1922 మే 15, న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్. ఆ రోజు టైగర్స్ ప్రత్యర్థి యాంకీస్. వాళ్ళకి అప్పటికింకా సొంత స్టేడియం లేదు, జెయింట్స్ మైదానంలో అద్దెకు ఆడేవాళ్ళు. వాన పడుతోంది. కాబ్ కొట్టిన బంతి నేలబారుగా యాంకీస్ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఎవరెట్ స్కాట్ మీదికి వెళ్ళింది. స్కాట్ చేతికి అది చిక్కలేదు. ఈలోపు కాబ్ బేస్ చేరిపోయాడు.

ఆనాటి అఫీషియల్ స్కోరర్ జాన్ కీరన్. దాన్ని స్కాట్ ఎర్రర్‌గా రాశాడు. అదే ఆటకు అసోసియేటెడ్ ప్రెస్ తరఫున బాక్స్ స్కోరు పంపుతున్నవాడు ఫ్రెడ్ లీబ్. అతను హిట్ అని రాశాడు. మామూలు రోజైతే ఈ తేడా రాదు, పక్క కుర్చీలోంచి అడిగితే స్కోరర్ ఏం రాశాడో తెలిసిపోతుంది. ఆ రోజు వాన మూలంగా ఇద్దరూ పక్కపక్కన లేరు. లీబ్ కనుక్కోకుండానే తన స్కోరు పంపేశాడు. అలా ఒకే బంతికి రెండు కాగితాలు పుట్టాయి. లీబ్ కాగితం తీగల మీద దేశమంతా పత్రికలకు చేరింది. కీరన్ కాగితం లీగ్ ఆఫీసుకు వెళ్ళింది.

ఇద్దరిలో ఎవరి కన్ను సరైనది? నేల తడిసి ఉంది, పరుగెత్తుతున్నది కాబ్, అందుకే హిట్ ఇచ్చానని లీబ్ తర్వాత రాసుకున్నాడు. అప్పటికి కాబ్‌కి 35 ఏళ్ళు, అయినా ఫీల్డర్‌ని తొందరపెట్టే కాళ్ళే అవి. కీరన్ మనసులో ఏముందో మనం ఊహించాల్సిందే. స్కాట్ 1916 నుంచీ ఏటా అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్‌లందరిలో ఫీల్డింగ్ సగటులో మొదటివాడు. అంతటివాడు పట్టలేదంటే అది తప్పేనని అనిపించి ఉండొచ్చు. కానీ మంచి ఫీల్డర్‌కి ఒక కొలత, నాసి ఫీల్డర్‌కి ఒక కొలత పెట్టకూడదు. ఆ స్థానంలో సగటు ఆటగాడు మామూలు ప్రయత్నంతో చేయగలిగేది చేయకపోతేనే ఎర్రర్. ఇప్పటి నిబంధనల పుస్తకమైతే ఆ మామూలు ప్రయత్నాన్ని కొలిచేటప్పుడు నేల స్థితినీ వాతావరణాన్నీ చూడాలని స్పష్టంగానే చెబుతోంది. నన్నడిగితే, కంటి లెక్కన లీబ్ వైపే మొగ్గుతాను.

కానీ చిక్కుముడి కన్ను దగ్గర లేదు, కాగితం దగ్గర ఉంది. అఫీషియల్ కాని కాగితం అఫీషియల్ ఎలా అయింది?

జవాబు షికాగోలో దొరుకుతుంది. అమెరికన్ లీగ్ లెక్కలు చూసే ఇర్విన్ హౌ అక్కడ ఉండేవాడు. సీజన్ ముగిశాక చూస్తే అసోసియేటెడ్ ప్రెస్ స్కోర్ల ప్రకారం కాబ్‌ది .401, అఫీషియల్ స్కోర్ల ప్రకారం .399. తేడా ఎక్కడుందని వెతికితే మే 15 ఆట తేలింది. హౌ కీరన్ తీర్పును పక్కనపెట్టి లీబ్ తీర్పును తీసుకున్నాడు. లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్ సరేనన్నాడు. నాకు మింగుడుపడనిది ఇదే. ఏజెన్సీ కాగితం అఫీషియల్ కాగితం కన్నా నమ్మదగినదైతే ప్రతి ఆటగాడికీ, ప్రతి ఆటకూ అదే వర్తించాలి. .400 గీతకు ఇంచుమించు ఆనుకుని ఆగిపోయిన ఒక్కడి కోసం వర్తించకూడదు.

బ్యాటింగ్ టైటిల్ కట్టబెట్టడానికేనా? కాదు. ఆ ఏడు సెయింట్ లూయిస్ ఆటగాడు జార్జ్ సిస్లర్ .420 కొట్టాడు. .399 అయినా .401 అయినా కాబ్ అతని వెనకే.

కాబ్ మీద జాన్సన్ అభిమానమా? 1910 టైటిల్ గొడవలో కాబ్‌ని గెలిపిస్తూ తీర్పిచ్చింది ఆయనే, నిజమే. (అప్పుడు కాబ్‌కి పోటీ నాప్ లాజోయి. ఆఖరి రోజున లాజోయి ఖాతాలో ఇంకో హిట్ రాస్తే కొత్త సూటు ఇస్తామని ప్రత్యర్థి జట్టు సెయింట్ లూయిస్ బ్రౌన్స్ వైపు నుంచే స్కోరర్‌కి కబురు వెళ్ళింది. ఎర్రర్ గడి చుట్టూ ఎంత ఆశ తిరిగేదో దీన్నిబట్టి చూడండి.) కానీ 1926లో పందేల ఆరోపణ వచ్చినప్పుడు కాబ్‌ని లీగ్ నుంచి సాగనంపడానికి చూసింది కూడా ఈ జాన్సనే. కమిషనర్ లాండిస్ నిర్దోషి అనబట్టి కాబ్ మళ్ళీ ఆడగలిగాడు. కాబట్టి అభిమానం మీద కేసు నిలబడదు. ఇక మిగిలింది .400 అన్న అంకె మీద మోజే. ఆ ఏడే నేషనల్ లీగ్‌లో రోజర్స్ హార్న్స్‌బీ కూడా .401 కొట్టాడు. తన లీగ్‌లో అలాంటివాళ్ళు ఇద్దరుంటే ఏ అధ్యక్షుడికి చేదు?

న్యూయార్క్ విలేకరులు ఊరుకోలేదు. మైదానంలో కూర్చుని రాసినవాడి తీర్పును ఆట చూడని ఆఫీసు మార్చేస్తే ఇక స్కోరర్ ఎందుకని నిలదీశారు. అప్పుడు బేస్‌బాల్ విలేకరుల సంఘం అధ్యక్షుడు మరెవరో కాదు, లీబే. చెల్లాల్సింది కీరన్ కాగితమే, నాది కాదని తన స్కోరుకు ఎదురుగా తనే వాదించాడు. జాన్సన్ మెట్టు దిగలేదు. వాదనలో లీబ్ ఓడిపోయాడు, ఆయన రాసిన హిట్ పుస్తకంలో నిలిచిపోయింది.